గొంతు కింద గీత
(భిలాయి సెక్టర్ 6లో తెలుగువారి సమావేశంలో చేసిన ఉపన్యాసం)

సబ్‌ఊఫర్ ఇంటికి రాగానే అందరి చెయ్యీ వాల్యూమ్ మీదికే పోతుంది. దాని పక్కనే క్రాసోవర్ అని ఇంకో నాబ్ ఉంటుంది. అసలు సంగతంతా అందులో ఉందని నా వాదన. ఏ స్వరం దాకా రెండు మెయిన్ స్పీకర్లు మోయాలి, దేని కిందినుంచి సబ్ ఎత్తుకోవాలి అన్నది అక్కడే తేలుతుంది. పల్లకి మోసే బోయీలు భుజం మార్చుకుంటే లోపల కూర్చున్నవాళ్లకి కుదుపు తెలియకూడదు కదా, ఇదీ అంతే. స్పీకరుతో వచ్చిన కాగితం చూసి ఆ అంకె పెట్టేవాళ్లే ఎక్కువ. నేను గాయకుడి గొంతు చూసి పెట్టమంటాను.

లెక్క చూడండి. ఒకటి శ్రుతిలో పాడే మగ గొంతుకి ఆధార షడ్జం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర పంచమం 98. ఐదు శ్రుతి ఆడ గొంతుకి షడ్జం 196, మంద్ర పంచమం 147. క్రాసోవర్ గీత 80 దగ్గర గీస్తే గొంతు దాదాపు మొత్తం మెయిన్ స్పీకర్లలోనే ఉంటుంది. 150 దగ్గర గీస్తే మంద్రానికి దిగిన ప్రతిసారీ గాయకుడు మూలనున్న పెట్టెలోకి దూరతాడు. పైగా 80 కిందికి పోయేకొద్దీ ధ్వని ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. 80 హెర్ట్జ్ అల పొడవు 4.3 మీటర్లు, దాని ముందు మన తల వెడల్పు ఎంత? లూకాస్‌ఫిల్మ్‌లో టామ్లిన్సన్ హోల్మన్ రూపొందించిన టీహెచ్ఎక్స్ పద్ధతి ఇళ్లకి 80నే ఎంచుకుంది. హాలీవుడ్ సినిమాల కోసం తేల్చిన అంకె మన మంద్ర పంచమం కింద వచ్చి కూర్చోవడం కాకతాళీయమే, అయినా మనకి కలిసొచ్చింది.

గొంతు సరే, వాద్యాల మాటేమిటి? ఇక్కడే చిక్కు. నాలుగు శ్రుతికి కట్టిన వీణలో అనుమంద్ర పంచమం తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాని మూలస్వరం సబ్‌లో, హార్మోనిక్స్ మెయిన్ స్పీకర్లలో పలుకుతాయి. మృదంగం ఇంకా గడుసుది. కరణ వేసిన కుడి మూతలో హార్మోనిక్స్ ఎంత వరసగా కుదురుతాయో సి.వి.రామన్ 1920లోనే చూపించారు. అది మెయిన్ స్పీకర్ల సొత్తు, దానితో మనకి తగువు లేదు. ఎడమ పక్క తొప్పి మీద గుంకీ వేసినప్పుడు మాత్రం నాదం జారుతుంది, ఆ జారుడు చాలాసార్లు మన గీత దాపుల్లోనే సాగుతుంది. మధ్యలో ఎక్కడైనా ఉబ్బినా, సన్నబడినా క్రాసోవర్ కుదరలేదన్నమాట. ఇంట్లో ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. మెయిన్ స్పీకర్ల కంటే సబ్ మీకు 2.1 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, సర్దుబాటేమీ చేయకపోతే, 80 దగ్గర రెండు అలలూ ఎదురెదురై ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందుకే 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని, ఇంకొకరిచేత ఫేజ్ స్విచ్ 0కీ 180కీ మార్పించి, ఎటు గట్టిగా వినబడితే అటు ఉంచండి. రిసీవర్‌లో క్రాసోవర్ పెట్టినప్పుడు సబ్ వెనకాల క్రాసోవర్ నాబ్‌ని పై అంకె వైపు చివరికంటా తిప్పేయాలి. రెండు చోట్లా 80 పెడితే ఒకే కోత రెండుసార్లు పడుతుంది.

'నా టవర్ స్పీకర్లు 35 దాకా దిగుతాయి, వాటినెందుకు కొయ్యాలి?' అని అడిగేవాళ్లున్నారు. దిగుతాయి, ఏ ధరకి దిగుతాయన్నదే ప్రశ్న. అదే గట్టిదనంతో 80 బదులు 40 పలకాలంటే కోను నాలుగింతలు ముందుకీ వెనక్కీ కదలాలి. గొంతు మోస్తున్న కోనే ఆ పనీ చేస్తే గొంతు మసకబారుతుంది. ఇంకో మాట, పన్నెండడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల గదిలో 56 దగ్గర గోడల మధ్య ధ్వని నిలబడిపోతుంది. టవర్లని పాట బాగా వినిపించే చోటే పెట్టాలి కాబట్టి వాటిని కదపలేం, సబ్‌ని కదపొచ్చు. సబ్‌ని మీ కుర్చీ ఉన్న చోట పెట్టి, గదంతా తిరిగి, బేస్ ఎక్కడ సమంగా వినబడితే అక్కడికి దాన్ని మార్చండి. మైకు పెట్టి దానంతటదే సర్దుకునే రిసీవర్ ఉందిగా అంటారా? ఉంది, మంచిదే. అది సబ్ దూరాన్ని టేపు కొలత కంటే ఎక్కువ చూపిస్తే తప్పనుకుని దిద్దకండి. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కేస్తుంది.

అరచేతిలో పట్టేంత స్పీకర్లతో వచ్చే హోమ్ థియేటర్ సెట్లకి నా 80 పనికిరాదని ఒప్పుకుంటాను. అవి 150 కింద చేతులెత్తేస్తాయి. అలాంటప్పుడు సబ్‌ని మూలకి తోయకుండా రెండు స్పీకర్ల మధ్యే పెట్టాలి, గొంతు కనీసం ఎదురుగానే ఉంటుంది. పాత సినిమా పాటలకి సబ్ పెద్దగా కలిపేది లేదన్నదీ నిజమే. ఆ రికార్డింగుల్లో అంత కింద సంగీతం తక్కువ. పెంచితే బయటికొచ్చేది కరెంటు హమ్, మన దేశంలో 50, 100 హెర్ట్జ్‌లది.

స్టీల్ ప్లాంట్ ఊళ్లో ఇంకో లెక్క కూడా ఉంది. గోడ ఆపగలిగే ధ్వని, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్లు తగ్గుతుంది. మీరు వింటున్న పాట పక్క క్వార్టర్‌కి వెళ్లదు, దాని గుబగుబ మాత్రమే వెళుతుంది. అక్కడ నైట్ షిఫ్టు దిగి పడుకున్నవాళ్లుంటారు. అందుకని మొత్తం వాల్యూమ్ తగ్గిస్తాం. తగ్గించగానే చెవికి బేస్ మరీ ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన సంగతే ఇది. అప్పుడు చెయ్యి క్రాసోవర్ మీదికి పోతుంది, 80ని 120 చేద్దామని. అది వద్దు. మరీ చప్పగా ఉంటే సబ్ లెవెల్‌ని రెండు డెసిబెల్లు పెంచి, పగలు మళ్లీ దించుకోండి.