వీపు సంచికి ఇరవై వేలా?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున కేదారనాథ్ యాత్రకు పేర్లు ఇచ్చినవారు కొందరు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. పిల్లలేమో పెద్ద కంపెనీ వీపు సంచి కొనుక్కోమంటున్నారు. ధర ఇరవై వేల పైమాటే. చూడటానికి అలాంటిదే నాలుగు వేలకూ దొరుకుతోంది. ఏది కొనాలి? సర్వీసంతా స్టోర్సు విభాగంలో టెండర్లు విప్పినవాణ్ణి కనుక నాకు తెలిసి ఉంటుందని వారి నమ్మకం. ఫ్యామిలీ పెన్షను మీద బతుకుతున్న ఒక సోదరి అయితే, "అన్నయ్యగారూ, అది నాకు నెల ఖర్చు" అన్నారు. అందుచేత ఏదో ఒకటి చెప్పి తప్పించుకోలేను.

ఆ డబ్బు దేనికి పోతుందో ముందు చూద్దాం. అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన 1952లో అల్యూమినియం చట్రం ఉన్న వీపు సంచులు చేసి అమ్మసాగాడు. వాటికి నడుము పట్టీ కూడా అమర్చాడు. చట్రమూ, నడుము పట్టీ ఉంటే బరువులో ఎక్కువ భాగం భుజాల మీద వేలాడకుండా తుంటి ఎముకల మీదికి దిగి, కాళ్లకు పోతుంది. మన ఆడవాళ్లు నీళ్ల బిందెను నడుం మీద పెట్టుకోవడంలో ఉన్న కిటుకే ఇది. ఖరీదైన సంచిలో అసలు పనితనం ఇక్కడే ఉంది: వీపుకు గాలి తగిలేలా వంచిన చట్రం, మనిషి కొలతకు జరుపుకునే పట్టీలు.

గుడ్డ సంగతి. 210 డెనియర్ అంటే తొమ్మిది వేల మీటర్ల దారం 210 గ్రాములు తూగుతుందని అర్థం. అంకె పెరిగితే గుడ్డ దళసరి, బరువూ ఎక్కువే. జిప్పుల్లో పేరున్న జపాను వారి వైకేకే జిప్పు మధ్యరకం సంచులకూ వస్తుంది. కాబట్టి జిప్పు చూపించి ధర చెబితే నమ్మకండి.

ఇక జీవితకాల గ్యారంటీ. ఎవరి జీవితకాలం? మనదా, సంచిదా? (నవ్వులు) చిన్న అక్షరాలు చదివితే చాలాచోట్ల సంచిదే అని ఉంటుంది. మరమ్మతు ఎక్కడ చేస్తారో, పార్శిల్ ఖర్చు ఎవరిదో అడిగి తెలుసుకోండి.

పన్నెండు, పదిహేను కిలోలు వారాల తరబడి మోసేవారికి ఆ ఇరవై వేలు దండగ కాదు. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ వంటివారికి సామగ్రే ప్రాణం. మన సంగతి వేరు. 2013 వరదల తర్వాత మార్చి వేసిన దారిలో గౌరీకుండ్ నుంచి గుడికి సుమారు 16 కిలోమీటర్లు. పెద్ద సామాను కింద బసలోనే ఉంటుంది. మన వీపు మీద ఉండేవి మందులు, మంచినీళ్లు, శాలువా, రెయిన్‌కోటు. అన్నీ కలిపి నాలుగు కిలోలు. చట్రం ఉన్న పెద్ద సంచి ఖాళీగానే రెండు కిలోల దాకా తూగుతుంది! పాతిక లీటర్ల చిన్న సంచి చాలు. ఆ సోదరికి నేను చెప్పింది ఇంకా తేలిక: మీ మనవడి కాలేజీ సంచి అడగండి, పట్టీ అతుకుల దగ్గర కుట్టు గట్టిగా ఉందో లేదో తిరగేసి చూడండి.

మిగిలిన డబ్బు బూట్లకు పెట్టండి. ఇక్కడ పిసినారితనం వద్దు. తడి రాళ్ల మీద పట్టు ఉండాలి. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, అప్పుడు కొలత చూసుకోండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు పొడుచుకుంటాయి కనుక బొటనవేలి ముందు కొంచెం చోటు ఉండాలి. నెల ముందే కొని ఊళ్లో నడవండి.

రెయిన్‌కోటూ అంతే ముఖ్యం. పదకొండు వేల ఏడు వందల అడుగుల ఎత్తున, చలిలో తడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పల్చటి పాలిథీన్ తొడుగు గాలికి చిరుగుతుంది. అలాగని వేలు పోసి గోర్‌టెక్స్ కొనాలా? 1969లో బాబ్ గోర్ అనే ఆయన కనిపెట్టిన పొర అది. దాని రంధ్రాలు నీటిబొట్టును రానివ్వవు, చెమట ఆవిరిని పోనిస్తాయి. కానీ లోపల ఆవిరి ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే అది బయటికి పోతుంది. చలికొండల మీద సరే. తిరిగొచ్చి మన కోస్తా జిల్లాల వానలో వేసుకుంటే ఉక్కపోతే! ఒక్క యాత్రకైతే, కుట్ల మీద లోపల టేపు అతికించిన మామూలు మంచి కోటు సరిపోతుంది.

ఎత్తు వల్ల వచ్చే ఆయాసానికి ఏ ధర సంచీ మందు కాదు. డాక్టరుకు చూపించుకున్నాకే కొనుగోళ్లు.

సంచి కొనేవారు నాలుగు కిలోల బియ్యం వెంట తీసుకెళ్లి, అందులో వేసుకుని కొట్లోనే పది నిమిషాలు నడవండి. కొట్టువాడు నవ్వితే నవ్వనివ్వండి. కొనేది మనిషి పొడుగును బట్టి కాదు, వీపు పొడవును బట్టి. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి పైఅంచు మట్టం దాకా కొలవాలి. టేపు తెచ్చాను. భోజనాలయ్యాక యాత్రకు వచ్చేవారు గుమ్మం దగ్గరికి రండి. ఆడవారికి మా శ్రీమతి కొలతలు తీస్తుంది.