తీగపై నడచినవాడును, త్రాడు పట్టినవారును
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



జీవితమంతయు శబ్దములును సమాసములును బోధించిన మేము నేడు చలనచిత్రమును గూర్చి ప్రసంగింప నిలుచుట మీలో కొందరికి వింతగా దోచవచ్చును. బహుమానము లందుకొను విద్యార్థులకు ధైర్యము గలుగునట్లు నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు కోరిరి. పురాణమునుండి యొక కథ నెత్తుకొందమని కూర్చుంటిమి. ఇంతలో మా మనుమరాలు "తాతయ్యా, ఇది చూడు" అని యొక చిత్రమును చూపెను. చూచిన పిదప పురాణము మాటయే మరచితిమి.

ఆ చిత్రము పేరు 'మాన్ ఆన్ వైర్'. తీగపై మనుష్యుడని యర్థము. జేమ్స్ మార్ష్ అను దర్శకుడు తీసిన యీ చిత్రము 2008లో వెలువడి, ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కారు బహుమానమును పొందెను. ఇది కల్పితకథ కాదు. పని చేసినవారే తమ నోట చెప్పిన వృత్తాంతము. 1974 ఆగస్టు 7వ తేదీ ఉదయమున ఫిలిప్ పెటీ యను ఇరువదినాలుగేండ్ల ఫ్రెంచి యువకుడు న్యూయార్కు నగరమందలి వరల్డ్ ట్రేడ్ సెంటరు జంటసౌధముల నడుమ ఉక్కుతీగ కట్టి, సుమారు 1,350 అడుగుల యెత్తున ముప్పాతిక గంటసేపు నడచెను. క్రింద వల లేదు; నడుమునకు కట్టు లేదు; చేత నున్నది సమతూకపు గడ యొక్కటియే. ఎనిమిదిమార్లు ఆ కొననుండి యీ కొనకు పోయెను. మోకరిల్లెను, వెల్లకిల పరుండెను. కొనలయందు పోలీసులు కాచుకొనియుండగా వారిదాక వచ్చి మరల వెనుదిరిగెను. వారు వ్రాసికొన్న నేరపత్రములోని మాటయే చిత్రమునకు పేరైనది.

సాహసమను మాటను నేడు మనము మెప్పుగా వాడుచున్నాము. ధర్మశాస్త్రములందు సాహసమనగా బలాత్కారముచే చేసెడి నేరము. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో నదియు నొకటి. ఈ యువకుని పనికి నేరము, మెప్పు రెండును చెల్లినవి. దొంగ గుర్తింపుపత్రములతో చొరబడిన మాట నిజమే. అయినను అధికారులు నేరారోపణ మానుకొని, బదులుగా సెంట్రల్ పార్కునందు పిల్లలయెదుట ఉచితముగా విద్య చూపుమనిరి. ఇంత చక్కని శిక్ష మా యుద్యోగకాలమున మాకెన్నడును తోచలేదు, గోడకుర్చీయే తోచినది. ఇది విని మన బాలురు రేపు మేడగోడ లెక్కుదురేమో. అట్టి యుపదేశము చేయుటకు మేము రాలేదు.

గడ పట్టి మోకుమీద నడచుట మనకు క్రొత్త గాదు. దొమ్మరివారి పిల్లలు మన వీధులలో నడువగా చూచినవారమే. తండ్రి క్రింద డోలు వాయించుచు పిల్లవానిమీదనుండి చూపు త్రిప్పెడివాడు కాడు. మనము పది పైసలు విసరి యింటికి పోయితిమి. ఆ పిల్లవాని పేరును మనలో నొకడును అడుగలేదు.

పెటీ కోరిక 1968లో పుట్టినది. దంతవైద్యునియొద్ద వేచియుండగా పత్రికలో నా సౌధముల బొమ్మను చూచెను. అప్పటికి సౌధములు పూర్తి కానేలేదు! అవి పెరుగుచుండగా నీతడు నేర్చుకొనుచుండెను. 1971లో పారిసు నగరపు నోటర్ డామ్ దేవాలయ గోపురముల నడుమను, 1973లో సిడ్నీ వంతెనపైనను నడచెను. ఫ్రాన్సుదేశమున నొక పొలములో తీగ కట్టి యభ్యసించునపుడు స్నేహితులు దానిని పట్టి యూపెడివారు. పైనుండెడి గాలి యెట్లుండునో వానికి తెలియవలెనని వారి యుద్దేశము. మిత్రుడు పడిపోవునేమోయని భయపడుచునే యూపవలసిన యా స్నేహితుల స్థితిని గూర్చి మేము మిక్కిలి తలపోసితిమి. ఉపాధ్యాయుని పని యించుమించుగా నట్టిదే. న్యూయార్కున నితని కాలికి మేకు గుచ్చుకొని చంకకఱ్ఱలతో నడువవలసివచ్చెను. కుంటివానిని కావలివారు ప్రశ్నింపకపోగా తలుపులు తెఱచి సాయపడిరి.

ఇక ఆ రాత్రి. రెండు సౌధములపైకి చేరిన రెండు జట్లవారు కావలివారి కంటబడకుండ గంటలకొలది దాగియుండిరి. చీకటి ముదిరిన పిదప జాన్ లూయి యను మిత్రుడు ఒక కప్పునుండి రెండవ కప్పుమీదికి విల్లెక్కుపెట్టి బాణము విడిచెను. బాణమునకు చేపలుపట్టు గాలపుదారము కట్టియుండెను. ఆ దారము చీకటిలో కనబడక, పెటీ వస్త్రములు విప్పివైచి, శరీరమునకు తగిలినప్పుడు తెలిసికొందునని కప్పుమీద వెదకెను. దొరికిన దారముతో కొంచెము లావైనదానిని, దానితో మఱియొక త్రాటిని, తుదకు ఉక్కుతీగను లాగిరి. సంస్కృతమున గుణమనగా దారము; గుణమనగా వింటినారి; గుణమనగా శీలము. మేము ముప్పది యేండ్లు తరగతిగదిలో చెప్పిన యీ శ్లేష యొక చిత్రమందు కంటికి గట్టినట్లు కనబడునని యనుకొనలేదు. కొంతదూరము పోయినపిదప తీగ తన బరువుచే చేజారి సౌధముల నడుమ వ్రేలాడెను. దాని తూకము సుమారు 200 కిలోలు. తెల్లవారువఱకు దానిని మూరమూరగా పైకి లాగవలసివచ్చెను.

ఆ లాగుటకు ప్రేక్షకులు లేరు. తెల్లవారిన పిదప వీధిలోని జనము తలలెత్తి చూచినది నడచువానినే. రాత్రి త్రాడు లాగిన జాన్ లూయి యా చేతులతోనే ఛాయాచిత్రములు తీసెను. నడకను మనము నేడు చూడగలిగినది యట్టి నిశ్చలచిత్రములందే. చలనచిత్రముగా నెవరును దానిని పట్టలేదు.

పిదప జరిగినది మఱింత తలపోయదగినది. పెటీ నొక్క పూటలో లోకమెఱిగెను. సౌధాగ్రమునకు రాకపోకలకై జీవితకాలపు అనుమతిపత్రము లభించెను. ఇన్నేండ్లు వాని వెంటనుండి, ఆనాడు వీధిలో నిలువబడి పైకి చూచిన ఆనీ యను యువతితో సంబంధము తెగెను. మిత్రులతో పొత్తును నిలువలేదు. ముప్పదియేండ్లు దాటిన పిదప కెమెరాయెదుట జాన్ లూయి యా సంగతి చెప్పబోయి కంటనీరు పెట్టుకొనెను. సౌధములు 2001 సెప్టెంబరు 11న కూలినవి. చిత్రమందు దానిమాట యొక్కటియు లేదు. దర్శకుని సంయమమును మెచ్చుకొంటిమి. అయినను మమ్ము నిదురపోనీయనివి యా సౌధములు కావు, జాన్ లూయి కన్నీరు.

ఏలనగా, మా తరగతిలో నొక బాలుడుండెను. మన కులమువాడే, పేరు చెప్పము. పదవ తరగతిలో ప్రథముడైనపుడు ఇట్టి సభయందే మేము చేతులార వానికి శాలువ కప్పితిమి. నేడు విదేశమున గొప్ప యుద్యోగములో నున్నాడు. వాని యక్కయు మా శిష్యురాలే. శబ్దములను తప్పులేక చెప్పుటలో తమ్ముని మించినది. తండ్రి మంచము పట్టగా తొమ్మిదవ తరగతిలో బడి మాని, గేదెపాలు అమ్మి తమ్ముని వసతిగృహపు రుసుము కట్టెను. ఆమె పేరును హాజరుపట్టీనుండి ఎఱ్ఱసిరాతో కొట్టివేసినవారము మేమే. ఏల మానుచున్నావని యడుగలేదు.

ఇటీవల నామె తన కుమార్తెకై మన సంఘపు విద్యార్థివేతన దరఖాస్తును మాయొద్దకు తెచ్చెను. "మీ తమ్ముడు సాయపడడా, అమ్మా?" యని యడిగితిమి. "వాడికి వీలుపడదండి, మాస్టారూ" అని యూరకుండెను. ఆ దస్తూరిని చూచి గుర్తించితిమి. అక్షరములు నాటివలెనే తీర్చిదిద్దినట్లున్నవి. దరఖాస్తున మార్కులకు గడి యున్నది, ఆదాయమునకు గడి యున్నది. ఈ యింట మఱియొకరి చదువు మాన్పించితిరా యను ప్రశ్నకు గడి లేదు.

పోషకులు రాబోవు సంవత్సరపు దరఖాస్తున నా గడిని చేర్పింపవలెను. అందు పేరు వ్రాయబడినవారికి, వయస్సు మీరినను, సార్వత్రిక విద్యాపీఠముద్వారా చదువు ముగించుటకు నిధినుండి రుసుము చెల్లింపవలెను. ఇందులకై మా పింఛనులో నొక నెల మొత్తమును కోశాధికారిగారికి నేటి యుదయముననే యందజేసితిమి. మేమెఱిగిన దరఖాస్తున మార్కులు డెబ్బదిరెండు మాత్రమే. బహుమానపు పట్టికలో నా పేరు లేదు. కార్యవర్గమువారు సాయంకాలము దానిని విప్పునపుడు మార్కుల గడికి ముందు దస్తూరిని చూడవలెనని ప్రార్థించుచున్నాము.