క్లోజ్ అంటే అన్నిసార్లూ బంద్ కాదు
(వార్షిక సభలో సంక్షేమ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

రాత్రి డ్యూటీ దిగి నిద్ర మానుకొని వచ్చిన అన్నలకు, తమ్ములకు, పనిచేసే ఇంట్లో సెలవు అడిగి వచ్చిన అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా దండాలు.

ప్రతి శుక్రవారం మేము క్యాంపులో రెండు గంటలు కూర్చుంటాం. జీతం చిక్కులు, వీసా చిక్కులు ఎప్పుడూ ఉన్నవే. ఈ ఏడాది మాత్రం కొందరు చేతిలో ఏ కాగితమూ లేకుండా, ఒక్క మాట పట్టుకొని వచ్చారు. "అన్నా, ఫోర్‌మన్ ఇట్లన్నడు, నేను ఇట్ల చేసిన, తిట్లు పడ్డయి" అని. ఆ మాటలు రాసుకుంటూ పోతే ఎక్కువ శాతం మూసేవి, కట్టేవి, బిగించేవే. క్లోజ్, షట్, లాక్, టై, టైట్. చిన్న మాటలే. కానీ వాటిలో కొన్నింటి దగ్గర తప్పుపడితే పోయేది ఉద్యోగం కాదు, ప్రాణం. అందుకే ఈ రోజు వాటి గురించే మాట్లాడుకుందాం.

ముందుగా క్లోజ్. మనలో చాలామందికి సైటు ఇంగ్లీషు హిందీ మీదుగా వచ్చింది. క్లోజ్ అంటే బంద్ అని నేర్చుకున్నాం. తలుపు బంద్, దుకాణం బంద్, నల్లా బంద్, లైటు బంద్. వాల్వు దగ్గర ఇది సరిపోతుంది. వాల్వు క్లోజ్ చెయ్యమంటే నీళ్ళయినా గ్యాసయినా ఆగాలి. కరెంటు దగ్గరికి వచ్చేసరికి మొత్తం తిరగబడుతుంది. బ్రేకర్ క్లోజ్ చెయ్యమంటే కరెంటు ఇవ్వమని. ఓపెన్ చెయ్యమంటే కరెంటు తీసెయ్యమని. ఎందుకంటే బ్రేకర్ లోపల రెండు లోహపు ముక్కలుంటాయి. అవి కలిస్తే దారి పూర్తయి కరెంటు పారుతుంది, అది క్లోజ్. విడిపోతే మధ్యలో ఖాళీ వచ్చి ఆగిపోతుంది, అది ఓపెన్.

మా బృందంలోనే ఒకతను హెల్పరుగా చేరిన కొత్తలో జరిగింది చెబుతాం. ప్యానెల్ దగ్గర అతన్ని నిలబెట్టి, "కీప్ ఇట్ ఓపెన్" అని చెప్పి ఎలక్ట్రీషియన్ అవతలికి పోయాడు. ఇతను చూస్తే హ్యాండిల్ ఆఫ్‌లో ఉంది. ఓపెన్ అంటే నడుస్తుండాలి కదా, ఎవరో బంద్ చేసినట్టున్నారు అనుకొని హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. పక్కనున్న పెద్దాయన ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికి అవతలి గదిలో ఇద్దరు అదే కేబుల్ కోస్తున్నారు. ఆ రాత్రి ఇతను అన్నం తినలేకపోయాడు.

దీనికి మందు మన భాషలోనే ఉంది. మనం "తలుపు వెయ్యి" అంటాం, "లైటు వెయ్యి" అని కూడా అంటాం. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది. "తలుపు తియ్యి", "లైటు తీసెయ్యి" కూడా అంతే. కాబట్టి కరెంటు దగ్గర క్లోజ్ అంటే బంద్ అనుకోకండి, వెయ్యి అనుకోండి. ఓపెన్ అంటే తియ్యి అనుకోండి. స్విచ్చుల మీద నిలువు గీత ఉంటే ఆన్, సున్నా ఉంటే ఆఫ్. ఇక పావు చుట్టు తిరిగే వాల్వుకు హ్యాండిల్ పైపు వెంట ఉంటే ఓపెన్, పైపుకు అడ్డంగా ఉంటే క్లోజ్.

రెండోది లాక్. ఇంటి తాళం దొంగ కోసం. సైటులో బ్రేకరుకు, వాల్వుకు వేసే తాళం మన ప్రాణం కోసం. లాకౌట్ ట్యాగౌట్ అని వింటుంటారు. అమెరికాలో 1989లోనే దీన్ని నియమంగా రాశారు, ఇక్కడ పెద్ద సైటుల్లోనూ ఇదే పద్ధతి. మిషను ఆపాలి, కరెంటు తియ్యాలి, తాళం వెయ్యాలి, పేరున్న చీటీ కట్టాలి, ఆ తరువాత నిజంగా ఆగిందో లేదో పరీక్షించి చూడాలి. అయిదుగురు పనిచేస్తే అయిదు తాళాలు. ఎవరి తాళం చెవి వారి జేబులోనే ఉండాలి. "నీది కూడా నేనే తీస్తా, ఇటియ్యి" అని స్నేహితుడు అడిగినా ఇవ్వకండి. ఇందాక చెప్పిన ప్యానెలుకు తాళమే లేదు. మాట అర్థంకాకపోవడం మావాడి తప్పు కావచ్చు, తాళం లేకపోవడం మాత్రం పని చేయించేవారి తప్పు.

మూడోది టై ఆఫ్. ఎత్తు మీద పనిచేసేటప్పుడు సేఫ్టీ ఆఫీసరు "టై ఆఫ్" అని అరుస్తాడు. ఒక తమ్ముడికి చివరి "ఆఫ్" ఒక్కటే వినపడింది. తీసెయ్యమన్నాడనుకొని హుక్కు విప్పాడు. ఇంకో తమ్ముడు టై అంటే కట్టడమే కదా అని బెల్టు తాడును పైపుకు ముడి వేశాడు. రెండూ తప్పే. టై ఆఫ్ అంటే హుక్కును గట్టి ఆధారానికి తగిలించమని. ముడి వేస్తే తాడు బలం తగ్గుతుంది. నూరు శాతం టై ఆఫ్ అంటే రెండు హుక్కులుండి, ఒకటి మార్చేటప్పుడు రెండోది తగిలే ఉండాలి.

షట్‌డౌన్ సంగతి మీకే బాగా తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళు ప్లాంటు మూస్తారు, సెలవు దొరుకుతుందని సంబరపడతారు. తీరా చూస్తే రిపేరు పనులన్నీ అప్పుడే, పన్నెండు గంటల డ్యూటీలు అప్పుడే!

కాగితాల్లో కూడా ఈ మాటలున్నాయి. బైండింగ్ అని ఉంటే పుస్తకం కుట్టడం కాదు, ఆ షరతు మనల్ని కట్టి ఉంచుతుందని. సెటిల్‌మెంటు క్లోజ్ అని ఉన్న కాగితం మీద సంతకం పెడితే ఇక రావలసింది ఏమీ లేదని ఒప్పుకున్నట్టు. లెక్క చూసుకొని, డబ్బు చేతికి వచ్చాకే పెట్టండి.

చివరగా ఒక్క అలవాటు చేసుకోమని కోరుతున్నాం. ఎవరైనా క్లోజ్ అన్నా ఓపెన్ అన్నా వెంటనే చెయ్యి పెట్టకండి. "కరెంటు ఉండాల్నా, పోవాల్నా? నీళ్ళు రావాల్నా, ఆగాల్నా?" అని వచ్చిన భాషలో అడగండి. విన్నది తిరిగి చెప్పండి. అవునన్నాకే ముట్టుకోండి. మనలో ఫోర్‌మన్లయిన అన్నలకూ ఒక మాట. కొత్తవాడు రెండోసారి అడిగితే నవ్వకండి. నవ్వితే మూడోసారి అడగడు. అడగని రోజునే ప్రమాదం జరుగుతుంది.

అందరం క్షేమంగా పనిచేసి, క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటూ సెలవు.