వాసన రాత్రి వస్తుంది

(పంజాగుట్టలో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం మనం కూర్చున్న ఈ హాలుకు దూరమేమీ కాదు, సనత్‌నగర్‌లోనే ఉంది. అయినా మన సభల్లో చర్చ ఎప్పుడూ చట్టాల గురించీ, కోర్టుల గురించీ సాగుతుంది. సీసా పట్టుకుని వాగులోకి దిగే ఉద్యోగి మన మాటల్లోకి రాదు.

నక్కవాగు పక్క ఊళ్లలో స్త్రీలు నాకు మొదట చెప్పింది వేళల గురించి. వాసన రాత్రిపూట వస్తుంది. వానపడ్డప్పుడు వాగు రంగు మారుతుంది. "పొద్దుగాల సార్లు వచ్చేటాల్లకు ఏముంటదమ్మా" అంది ఒకామె. పేరు చెప్పొద్దన్న ఒక పర్యావరణ ఇంజనీరు కూడా ఇదే అంది. ఏ కాలవలో ఏ వాసనో ఆమెకు ఏళ్ల తరబడి తిరగడం వల్ల తెలిసింది.

2015 నుంచి సులభ వాణిజ్యం పేరిట కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన సంస్కరణల పట్టికలో తనిఖీలూ ఉన్నాయి. ఎవరు ఎక్కడికి వెళ్లాలో కంప్యూటర్ నిర్ణయించాలి. ఒకే అధికారి వరసగా రెండుసార్లు ఒకే ఫ్యాక్టరీకి వెళ్లకూడదు. నివేదిక 48 గంటల్లో పెట్టాలి. ఫిర్యాదు మీద వెళ్లాలంటే శాఖాధిపతి అనుమతి కావాలి. లంచాలు అరికట్టడానికే ఇదంతా అన్నారు. లంచాలు లేవని నేననను. కానీ లంచంతో పాటు ఆ ఇంజనీరు ముక్కుకున్న జ్ఞానాన్ని కూడా తీసి పక్కన పెట్టారు. అనుమతి వచ్చేలోపు వాగు పారిపోతుంది.

ఇక శిక్ష సంగతి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలుండేది. 2023 జన విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమలవుతోంది. జరిమానా కట్టకపోతేనే ఇప్పుడు జైలు. మునుపు మాత్రం ఎందరు యజమానులు జైలుకెళ్లారని మీరు అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. అయినా గేటు దగ్గర వాచ్‌మన్ ఆపినప్పుడు ఒంటరిగా నిలబడ్డ ఆ ఇంజనీరుకు చెప్పుకోవడానికి ఆ ఒక్క మాటుండేది.

1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం శాంపిల్ తీసేటప్పుడు యాజమాన్యానికి నోటీసివ్వాలి, వాళ్లు కోరితే వాళ్లెదుటే రెండు భాగాలు చేసి సీలు వెయ్యాలి. ఫిర్యాదు చేసిన ఆమెను పిలవాలని మాత్రం అందులో లేదు. అది పాత లోటు, దీన్ని కొత్త సంస్కరణల మీద తోయలేం.

మన తీర్మానంలో రెండు విషయాలు చేర్చమని కోరుతున్నాను. ఫిర్యాదు వచ్చిన రాత్రే వెళ్లే అధికారం ఆ ప్రాంత ఇంజనీరుకే ఉండాలి, బండీ తోడు మనిషీ ఇచ్చి మరీ. సీసా మీద ఫిర్యాదు చేసిన స్త్రీ సంతకం, రాకపోతే వేలిముద్ర, ఉండాలి.