దీపాలు పెట్టే వేళ ఒక ఫొటో

(గోపాల్‌పేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాత్రల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. రిటైరైన తర్వాత పిల్లల దగ్గరికని, ఆస్పత్రికని, పెళ్లికని మనం హైదరాబాదు వెళ్లివస్తూనే ఉంటాం. ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. కనుక అక్కడి పేరున్న కట్టడాలను పొద్దుగూకే వేళ ఫొటో తీయడం ఎలాగో చెబుతాను.

ఆ వేళే ఎందుకు? మిట్టమధ్యాహ్నం తీస్తే చార్మినార్ గోడ తెల్లగా, కమాను లోపలంతా నల్లగా వస్తుంది. బాగా చీకటి పడ్డాక దీపాలు తప్ప ఏమీ కనిపించవు. సూర్యుడు అస్తమించిన పది నిమిషాలకు ఆకాశం ముదురు నీలం రంగుకు తిరుగుతుంది. అప్పటినుంచి సుమారు పావుగంట సేపు దీపాల వెలుగు, ఆకాశపు వెలుగు ఇంచుమించు సమానంగా ఉంటాయి. మనకు కావలసింది ఆ పావుగంటే. హైదరాబాదులో సూర్యాస్తమయం డిసెంబరు మొదట్లో సుమారు 5.40కి, జూన్ చివర 6.50 దాటాక. లండన్‌లో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లినవారికి అక్కడ సంధ్య చాలాసేపు నిలుస్తుంది. మన దగ్గర త్వరగా చీకటి పడుతుంది కనుక అరగంట ముందే చేరుకోవాలి.

ఫోనులో ఫ్లాష్ ఆపేయండి. దాని వెలుగు నాలుగడుగుల దూరంలోని మనిషికి అందుతుంది గాని మినారుకు అందదు. జూమ్ చేయకుండా మీరే దగ్గరికి నడవండి. మోచేతులు పిట్టగోడకు ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెడితే చెయ్యి వణికినా ఫొటో చెదరదు. తెర మీద దీపాన్ని వేలితో తాకి వెలుగు కాస్త తగ్గించండి. శుక్లాలున్న వారికి ఆ వేళ వాహనాల లైట్లు కళ్లలో చెదురుతాయి. రోడ్డు మధ్యకు వెళ్లకండి, తోడు లేకుండా బయలుదేరకండి.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. 1844లో పుట్టిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకులుగా ఉండి, స్టాండు మీద పెద్ద కెమెరా నిలిపి గాజు పలకల మీద ఫొటోలు తీశారు. ఆనాటి హైదరాబాదు ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలుస్తున్నదంటే అందులో ఆయన పాత్ర ఎంతో ఉంది. రాతి కట్టడమైనా శాశ్వతం కాదు. 1591 నాటి చార్మినార్‌లో ఒక మినారు నుంచి 2019 మే నెలలో గచ్చు పెళ్ల ఊడిపడింది.

ఇక అసలు మాట. హుస్సేన్‌సాగర్ బుద్ధుని కథ మీకు తెలుసు. 1990 మార్చిలో తరలిస్తుండగా పడవ ఒరిగి విగ్రహం నీళ్లలో మునిగింది. 1992లో పైకి తీసి డిసెంబరు 1న నిలబెట్టారు. మరుసటి సంవత్సరం నేను, మా శ్రీమతి ట్యాంక్‌బండ్ మీద దీపాలు వెలిగే వేళ ఒక ఫొటో తీయించుకున్నాం. దాని వెనుక ఆవిడ తేదీ వేసి, "బుద్ధుడు నీళ్లల్లోంచి లేచినాక" అని రాసింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ ఫొటోలో బుద్ధుడు వేలెడంతే ఉన్నాడు. బుద్ధుని ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ సాయంత్రం ఆవిడ నవ్విన నవ్వు మాత్రం ఆ ఒక్క కాగితం మీదే ఉంది.

కాబట్టి కట్టడాన్ని మాత్రమే తీయకండి. మీ ఇంటి మనిషిని వీధిదీపం కింద నిలబెట్టి, వెనుక కట్టడం వచ్చేలా తీయండి. మంచివి నాలుగు కాగితం మీద వేయించండి. వెనుక పేర్లు, ఊరు, తేదీ రాయండి. ఫోను పాడైతే అందులోనివన్నీ పోతాయి.

ఇందుకు హైదరాబాదే పోనక్కరలేదు. పాలిటెక్నిక్ నడిచిన వనపర్తి రాజప్రాసాదం ఉంది, చెన్నకేశవస్వామి కొలువున్న గద్వాల కోట ఉంది. మన గోపాల్‌పేట కూడా ఒకప్పుడు సంస్థానమే. మోకాళ్లు సహకరించినన్నాళ్లు ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్లి రండి.