పెరట్టులో లేని పేర్లు
(సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వక్తను కాను. చదివింది ఇంజనీరింగు, చేసేది సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కార్యదర్శి గారు పదిహేను నిమిషాలు ఇచ్చారు. భోజనాల ముందు మాట్లాడేవాడి మీద ఎంత దయ ఉంటుందో నాకు తెలుసు కనుక సూటిగా విషయంలోకి వస్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గర తీరం దాటింది. మాది ఉద్దానం. మా ప్రాంతం తెలిసినవాళ్ళకు ఆ మాట చాలు. తాతలు నాటిన కొబ్బరి చెట్లు, జీడి తోటలు లక్షల లెక్కన ఒక్క రాత్రిలో పడిపోయాయి. నేను ఇక్కడ క్లాంగ్‌లో అద్దె ఇంట్లో కూర్చుని ఫోన్లు చేస్తున్నాను, ఒక్కటీ కలవడం లేదు. టీవీ పెట్టాను. నేను చూసిన వార్తల్లో మా శ్రీకాకుళం ఊసే లేదు. మర్నాడు ఆఫీసులో పక్క సీటు ఆయన "ఏంటి, నిద్ర లేనట్టున్నావ్?" అని అడిగాడు. తుపాను అన్నాను. "ఎక్కడ?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కొంత అన్యాయం ఉంది. అప్పటికి రెండు వారాల ముందే, సెప్టెంబరు 28న, ఇండోనేసియాలో పాలూ పట్టణం భూకంపంతో, సునామీతో నాశనమైంది. నాలుగు వేల మందికి పైగా పోయారు. పొరుగు ఇల్లు కాలుతుంటే వీళ్ళు అటే చూస్తారు కదా. పైగా మా తుపానులో పోయిన మనుషులు తక్కువ, పోయిన చెట్లు ఎక్కువ. చెట్టు పడితే వార్త కాదు. కానీ కొబ్బరి చెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలిసినవాడికి అది ఎంత చావో తెలుస్తుంది.

ఆ కోపంతోనే సాయంత్రం మా ఇంటి యజమాని గారి తల్లి దగ్గర కూర్చున్నాను. ఆవిడకు అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. బాగాన్ దాతో వైపు కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన మనిషి. నేను అమ్మమ్మ గారూ అని పిలుస్తాను. చెట్ల సంగతి చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను ఊరుకోకుండా, "చూశారా అమ్మమ్మ గారూ, మన ఊరు కొట్టుకుపోతే ఇక్కడ పేపర్లో నాలుగు ముక్కలు రాసే దిక్కు లేదు" అన్నాను.

ఆవిడ కాసేపు ఆగి, "మా అయ్యను రైలుకు తోలుకుపోయినప్పుడు మీ ఊరి పేపర్లో రాశారా బాబూ?" అన్నారు.

అప్పటికి నేను ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళు. ఆ రైలు ఏమిటో నాకు తెలియదు. సిగ్గుపడే చెబుతున్నాను.

సభలో సగం మందికి ఇది ఇంటి కథే. మిగిలిన సగం నాలాగా విమానంలో వచ్చినవాళ్ళు కనుక చెబుతున్నాను. 1942లో జపాన్ సైన్యం మలయాను, బర్మాను పట్టుకున్నాక బర్మాకు సరుకు పంపడానికి సయాం నుంచి అడవిలో రైలు మార్గం వేసింది. బాన్‌పాంగ్ దగ్గర్నుంచి థాన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్లు. 1943 అక్టోబరులో రెండు వైపుల పట్టాలు కలిశాయి. ఏడాది పైచిలుకులో ఆ కొండల్లో అంత మార్గం వేయడమంటే ఇంజనీరుగా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. యంత్రాలు నామమాత్రం. అంతా గడ్డపార, గంప, మనిషి వీపు.

పనిచేసిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు 60 వేలకు పైగా. అందులో 12 వేలకు పైగా చనిపోయారు. వాళ్ళు కాక మలయా, బర్మా, జావాల నుంచి తెచ్చిన కూలీలు సుమారు రెండు లక్షల మంది. వాళ్ళలో పోయినవాళ్ళు 90 వేల దాకా అని చరిత్రకారుల అంచనా. ఒక్క మలయా తోటల నుంచి, ఊళ్ళ నుంచి తీసుకుపోయినవాళ్ళే 78 వేల మంది. ఎక్కువగా తమిళులు, వాళ్ళతోపాటు మనవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికే ఈ దేశంలో తెలుగువాళ్ళు ముప్పై వేల పైచిలుకు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల వెంట వచ్చినవాళ్ళు. అప్పటి కాగితాల్లో చాలాచోట్ల వాళ్ళందరూ కలిసి 'తమిళ కూలీలు' అనే ఒక్క మాట కిందకు వచ్చేస్తారు.

అమ్మమ్మ గారికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మూడు నెలల పని, రోజుకు ఒక డాలరు, తిండి ఉచితం అని చెప్పి తోటకు ఇంతమంది అని లెక్క కట్టి లారీ ఎక్కించారట. వాళ్ళమ్మ ఒక దుప్పటి, చింతపండు ఉండ మూటకట్టి ఇచ్చింది. మూడు నెలలు కాదు, మూడేళ్ళు గడిచాయి. పోయాడని చెప్పినవాళ్ళు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ బొట్టు తీయాలో పెట్టుకోవాలో తెలియక, పండగలకు పెట్టుకుని మామూలు రోజుల్లో మానేసిందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు. మార్పు నాలోనే వచ్చింది.

ఆ తర్వాత నేను దొరికినవి చదివాను. నాకు అర్థం కానిది ఒకటే. ఒకే అడవి, ఒకే వాన, 1943లో ఒకే కలరా. దొరల్లో అయిదుగురికి ఒకరు పోతే కూలీల్లో దాదాపు ఇద్దరికి ఒకరు ఎలా పోయారు? ఖైదీలకు తిండి బాగా పెట్టారా అంటే అదీ కాదు. తేడా మరోచోట ఉంది. ఖైదీలకు ఒక అమరిక ఉంది. పై అధికారి ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు. నీళ్ళు కాచి తాగాలని, మరుగుదొడ్డి ఎక్కడ తవ్వాలని చెప్పేవాడు ఉన్నాడు, చెబితే వినేవాళ్ళు ఉన్నారు. చనిపోయినవాడి పేరు దొంగచాటుగా రాసి సీసాలో పెట్టి పాతిపెట్టినవాళ్ళు ఉన్నారు. 1945 సెప్టెంబరులోనే ఒక బృందం ఆ మార్గం వెంట వెళ్ళి పది వేలకు పైగా సమాధులను గుర్తించగలిగింది. ఇవాళ కాంచనబురిలో దాదాపు ఏడు వేల సమాధుల యుద్ధ శ్మశానం ఉంది. గడ్డి ఎంత పచ్చగా ఉంటుందంటే, ఫోటో తీయడానికి మొహమాటపడాలి.

కూలీలకు ఇవేవీ లేవు. తోటలో తెల్లారగట్ల పెరట్టు, అంటే హాజరు, వేసేది కంగాణి. ఆ అడవిలో పెరట్టు వేసే మనిషి కూడా పోయాడు. 1990 నవంబరులో కాంచనబురిలో చెరకు తోట తవ్వుతుంటే ఒకే గోతిలో సుమారు 700 అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఆసియా కూలీలవని నమ్ముతున్నారు. ఒక్క పేరు లేదు.

మా వృత్తిలో ఒక మాట ఉంది. లాగ్‌లో లేనిది జరగలేదు. సర్వర్ పడిపోయిందని కస్టమర్ ఎంత మొత్తుకున్నా, లాగ్ చూపించమంటాం. పత్రికలు చేసేదీ అదే. పేరు, లెక్క, ఫోటో, మాట్లాడే ప్రతినిధి, ఇవి ఉన్న చావు వార్త అవుతుంది. సినిమా కూడా అవుతుంది. 1957లో 'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' వచ్చింది, ఏడు ఆస్కార్లు తెచ్చుకుంది. ప్రపంచానికి ఆ రైలు తెలిసింది ఆ సినిమాతోనే. దాని మూల నవల రాసిన పియరీ బూల్ కూడా నాలాగే ఇంజనీరు. యుద్ధానికి ముందు ఈ మలయాలోనే రబ్బరు తోటలో పనిచేశాడు. కూలి లైన్లు కళ్ళారా చూసినవాడు. అయినా కథంతా ఒక ఇంగ్లీషు కర్నల్ చుట్టూ తిరిగింది. ఆయన్నే తప్పుపట్టను. 1943 జులైలో నేతాజీ సింగపూర్ చేరిన కథ మనం ప్రతి ఆగస్టు 15కీ చెప్పుకుంటాం. అదే వానాకాలంలో ఆ అడవిలో కలరా ఊడ్చేస్తున్న సంగతి నేను ఏ సభలోనూ వినలేదు.

ఇక్కడ నాకు ఇష్టం లేని ఒక మాట దగ్గరకు రావలసి వస్తోంది. యూనియన్.

కూలీల పేర్లు రాసుకునేవాడు ఎందుకు లేడు అని వెతికితే ఏడాది వెనక్కి వెళ్ళాలి. 1941లో ఇదే క్లాంగ్‌లో, ఇప్పుడు మనం కార్లు ఆపుకునే చోట్లలోనే, భారతీయ తోట కూలీలు సమ్మె చేశారు. ఆర్.హెచ్. నాథన్ అనే ఆయన వాళ్ళను కూడగట్టాడు. వాళ్ళు అడిగినవి చూడండి. చైనా కూలీలతో సమానంగా కూలి. తోటల్లో కల్లు దుకాణాలు మూయాలి. పిల్లలకు సరైన చదువు, మనిషికి సరైన వైద్యం. ఆడవాళ్ళ జోలికి వచ్చేవాళ్ళను అదుపు చేయాలి. దొర ఎదురైతే సైకిల్ దిగి నిలబడే పని తప్పించాలి. దీనికి జవాబుగా నాథన్‌ను పట్టుకుని భారతదేశానికి పంపించేశారు, సైన్యాన్ని దించారు, కాల్పుల్లో కూలీలు చనిపోయారు. ఆ డిసెంబరులోనే జపాన్ వచ్చింది. ఆ సంఘం బతికి ఉంటే రైలు ఆగేదని నేను అనను. జపాన్ తుపాకి ముందు ఏ సంఘమూ నిలవదు. కానీ ఎవరెవరు లారీ ఎక్కారో ఒక పట్టీ అయినా మిగిలేదేమో. యుద్ధం తర్వాత ఆ మార్గంలో సయాం భాగాన్ని బ్రిటిష్‌వాళ్ళు సయాం ప్రభుత్వానికి అమ్మారు. ఆ సొమ్ములోంచి యుద్ధఖైదీలకు కొంత చేరింది. మన కూలీ తరఫున చేయి చాపడానికి పట్టీ కావాలి కదా.

ఇంతమాత్రం చేత నేను యూనియన్ల భక్తుణ్ణి అయిపోలేదు. మా నాన్నగారు విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో పనిచేసేవారు. నా తొమ్మిదో తరగతిలో సమ్మె అన్నారు, దాని మీద లాకౌట్ అన్నారు. అమ్మ పుస్తెల తాడు తప్ప మిగిలిన బంగారమంతా తాకట్టు కొట్టుకు వెళ్ళింది. నాయకుడు మాత్రం కొత్త స్కూటర్ మీద తిరిగాడు. చివరకు ముందు ఒప్పుకోని షరతుకే సంతకం పెట్టాడు. మళ్ళీ అదే నాయకుడు, నాన్నగారి వేళ్ళు మెషీన్‌లో నలిగిన రోజు రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని, నెల తిరిగేలోగా నష్టపరిహారం ఇప్పించాడు. ఇన్నేళ్ళయినా ఆయన్ని తిట్టాలో దణ్ణం పెట్టాలో మా ఇంట్లో తేలలేదు.

ఈ దేశపు కథా అలాగే ఉంది. యుద్ధం అయ్యాక కార్మిక సంఘాలు లేచాయి. 1948లో అత్యవసర పరిస్థితి రాగానే అణిచేశారు. అఖిల మలయా కార్మిక సమాఖ్యకు నాయకత్వం వహించిన ఎస్.ఏ. గణపతిని రివాల్వర్ ఉందన్న నేరం మీద 1949 మేలో ఉరితీశారు. తర్వాత 1954లో తోట కార్మికుల జాతీయ సంఘం వచ్చింది. దాని నాయకుడు పి.పి. నారాయణన్‌కు 1962లో మెగసెసే అవార్డు వచ్చింది, ప్రపంచ స్థాయి కార్మిక సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. పెద్దమనిషే. అయినా తోటల్లో వాన పడితే పని లేదు, పని లేకపోతే కూలి లేదు అన్న బతుకు దశాబ్దాలు సాగింది. దేశమంతటికీ కనీస వేతనం వచ్చింది 2013లో, ఈ ద్వీపకల్పంలో నెలకు 900 రింగిట్లు. అప్పటికి తోటలు అమ్ముడుపోయాయి, మనవాళ్ళలో చాలామంది పట్నాలకు చేరారు, పామాయిలు గెలలు కోసేది ఇండోనేసియా, బంగ్లాదేశ్, నేపాల్ కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళ పెరట్టు ఎవరు వేస్తున్నారో మనం అడగడం లేదు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2003 మార్చి 9న బ్రిక్‌ఫీల్డ్స్‌లోని పామ్ కోర్ట్ అపార్ట్‌మెంట్లలో పోలీసులు దాడి చేసి సుమారు 270 మంది భారతీయులను పట్టుకుపోయారు. ఎక్కువమంది కంప్యూటర్ ఉద్యోగులు, సరైన వీసాలు ఉన్నవాళ్ళు. సంకెళ్ళు వేసి, నేల మీద కూర్చోబెట్టారు. నేను ఈ దేశానికి మూడేళ్ళ తర్వాత వచ్చినా, మన పత్రికల్లో ఆ వార్త చదివిన గుర్తు ఇప్పటికీ ఉంది. ఢిల్లీ గట్టిగా నిరసన తెలిపింది, ఇక్కడి ప్రభుత్వం విచారణ జరిపిస్తామంది. జరిగింది అవమానమే, అరవడం సబబే. అయితే 270 మంది కొన్ని గంటలు పోలీసు స్టేషన్లో ఉంటే దేశం కదిలింది. తిరిగిరాని వేల మంది గురించి మన భాషలో ఎన్ని పుటలు వచ్చాయి? మనకు యూనియన్ అక్కర్లేదు, పత్రికే మన యూనియన్ అని మేమనుకున్నాం. అది ఎంతవరకో 2009లో తెలిసింది. నేను పనిచేసిన కంపెనీలో ఒక శుక్రవారం సాయంత్రం పదకొండు మంది కార్డులు తలుపు దగ్గర పనిచేయడం మానేశాయి. అందులో ఒకడు నా రూమ్మేటు, పెళ్ళి పెట్టుకున్నాడు. నేను ఫోన్లో ఓదార్చాను. సోమవారం వెళ్ళి నా సీట్లో నేను కూర్చున్నాను. ఆ పదకొండు పేర్లు ఇప్పుడు నన్ను అడిగితే ఆరే చెప్పగలను.

అందుకని కమిటీవారిని ఒక చిన్న పని అడిగాను, ఒప్పుకున్నారు. బయట రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ఒక లావుపాటి నోటు పుస్తకం పెట్టాం. మీ ఇంట్లో రైలుకు వెళ్ళి రానివాళ్ళు ఉంటే రాయండి. పేరు, ఇంటి పేరు, తోట పేరు, ఊరు గుర్తుంటే ఊరు. ఏది తెలిస్తే అది. టైపు చేసి భద్రపరిచే పని నాది. వచ్చే సంచికలో అచ్చు వేస్తామని సంపాదకులు మాట ఇచ్చారు. ఆ మాట మీ అందరి ముందూ చెప్పేస్తున్నాను, ఇక తప్పించుకోలేరు.

మొదటి వరస నిన్న రాత్రి అమ్మమ్మ గారి దగ్గర రాసుకొచ్చాను. ప్రయాణం చేయలేని స్థితిలో ఉన్నారు, ఇంటి దగ్గరే చెప్పారు. ఇంటి పేరు చెప్పారు. తోట పేరు చెప్పారు, లైన్లో ఎన్నో గదో కూడా చెప్పారు. అసలు పేరు దగ్గర ఆగిపోయారు. చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మేం అయ్యా అనే పిలిచేవాళ్ళం బాబూ" అన్నారు. "అమ్మ పేరు పెట్టి అనేది కాదు కదా."

అలాగే రాశాను. అయ్య అని.