కేకులాంటి సబ్బులకు ఏ అచ్చు కొనాలి?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



నన్ను సబ్బుల గురించి మాట్లాడమన్నారు. సబ్బు ఎలా చేయాలో మీలో చాలామందికి తెలుసు, ట్రైనింగులు అయిపోయాయి. అందుకని నేను అచ్చుల గురించే చెప్తాను. ఈ మధ్య ఏ సంఘాన్ని అడిగినా "కేకు సబ్బులు చేస్తాం, అచ్చులకి లోను కావాలి" అంటున్నారు. ఫోనులో వీడియోలు చూస్తున్నాం కదా! పేస్ట్రీ ముక్కలాగ, కప్పు కేకులాగ, పైన క్రీము, క్రీము మీద చెర్రీ పండు. ముచ్చటగానే ఉంటాయి. సీమంతాలకి, పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్టులుగా అడుగుతున్నారు కూడా. కాని సబ్బు ఎన్ని గ్రాములు రావాలో, రోజుకి ఎన్ని దిగాలో, ఎంతకి అమ్మితే గిట్టుబాటవుతుందో అచ్చే చెప్తాది. లోను డబ్బు పెట్టేముందు బొమ్మతోపాటు ఇవీ చూసుకోవాలి.

ముందు మీరు చేసేది ఏ సబ్బో తేల్చుకోండి. సోప్ బేస్ కరిగించి పోసేదా, నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి చేసేదా? బేస్ రకం రెండు మూడు గంటల్లో గట్టిపడుతుంది. సన్నటి పువ్వులు, గీతలు ఉన్న అచ్చులోంచి కూడా చక్కగా ఊడి వస్తుంది. కాస్టిక్ రకం అలా రాదు. ఒకటి రెండు రోజులు అచ్చులోనే ఉండాలి. సిలికాన్ అచ్చులో గాలి ఆడదు కాబట్టి ఇంకా ఆలస్యం. బేగి తీసేద్దామని లాగితే క్రీము కొస విరిగి చేతికొస్తాది. తీశాక మళ్ళీ 4 నుంచి 6 వారాలు ఆరాలి.

ఇప్పుడు లెక్క చూడండి. 6 గుంటల అచ్చు ఒకటి కొన్నారనుకుందాం. కాస్టిక్ సబ్బుకి రెండు రోజులకోసారి 6 దిగుతాయి, అంటే నెలంతా పోసినా 90. అదే అచ్చులో బేస్ మూడుసార్లు పోస్తే ఒక్క రోజుకే 18. కాస్టిక్ రకం చేసే సంఘం గుంటల అచ్చులతో ఆర్డరు అందుకోవాలంటే పది పదిహేను అచ్చులు కొనాలి. అందులో సగం ఆ ఒక్క ఆర్డరు అయ్యాక అటక ఎక్కుతాయి.

అందుకే కాస్టిక్ రకం చేసేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పొడుగు బ్రెడ్డు పెట్టెలాంటి అచ్చు ఒకటి, గుండ్రని కేకు అచ్చు ఒకటి కొనండి. గుండ్రని దాంట్లో రెండు రంగులు పొరలుగా పోసి, గట్టిపడ్డాక మధ్య నుంచి కోస్తే 8 పేస్ట్రీ ముక్కలు వస్తాయి. పైన క్రీము కావాలంటే సబ్బు చిక్కబడ్డాక కేకు షాపువాళ్ళు వాడే నాజిల్‌తోనే వేయొచ్చు. పొడుగు అచ్చులో పోసింది మామూలు బిళ్ళలుగా కోసుకుంటే ఏడాది పొడుగునా అమ్ముడుపోతుంది. స్టీల్ ప్లాంటు పని నుంచి, పోర్టు పని నుంచి చెమటతో వచ్చినవాళ్ళకి కప్పు కేకు ఏం చేసుకుంటారు? బిళ్ళే కావాలి.

కోసిన సబ్బు నాసిగా కనబడుతుందని భయం వద్దు. సిరియాలో అలెప్పో అనే ఊరి సబ్బుకి అచ్చే లేదు. ఉడికిన సబ్బుని నేల మీద పరిచి, గట్టిపడ్డాక ముక్కలు కోసి, ముద్ర కొట్టి ఆరబెడతారు. వందల ఏళ్ళ నుంచి ఆ ముద్ర చూసే కొంటున్నారు. మనకీ ఏటికొప్పాక దగ్గర్లోనే ఉంది. అంకుడు కర్రతో సంఘం పేరు ముద్ర చెక్కించుకోవచ్చు. కాని లక్క వేయకుండా ఇమ్మని చెప్పాలి. లక్క కాస్టిక్ లాంటి కారానికి కరుగుతుంది, రంగు సబ్బుకి అంటుకుంటుంది.

అచ్చు దేనితో చేసిందన్నది ఇంకా ముఖ్యం. "ఇంట్లో ఇడ్లీ ప్లేట్లున్నాయి, పూర్ణా మార్కెట్లో కేకు గిన్నెలు చవగ్గా దొరుకుతున్నాయి" అంటారు. అవి అల్యూమినియమైతే కాస్టిక్ సబ్బు అందులో అస్సలు పోయకండి. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తాది. బుడగలు లేచి, నిప్పు తగిలితే మండే గ్యాసు వస్తాది, గిన్నె నల్లబడతాది, సబ్బు పాడవుతాది. జింకు పూత రేకు కూడా పనికిరాదు. స్టీలుకి ఏమీ కాదు గాని లోపల బటర్ పేపరు వేయకపోతే సబ్బు ఊడదు. ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలో 5 అని ఉన్నది వేడికి తట్టుకుంటుంది. స్వీటు డబ్బాల్లాంటి పలచనివి వంగిపోతాయి. వడ్రంగి చేత చెక్క పెట్టె చేయించి బటర్ పేపరు పరిస్తే అన్నిటికన్నా చవక, ఏళ్ళ తరబడి ఉంటుంది.

సిలికాన్ కొనేటప్పుడు అంచు పట్టుకుని గట్టిగా మెలితిప్పండి. మెలిక దగ్గర తెల్లగా కనబడితే కల్తీ కలిపారని అనుమానించాలి. వాసన చూడండి. పలచగా ఉంటే సబ్బు బరువుకి పక్కలు ఉబ్బుతాయి, అలాంటిది వద్దు. ఇంకో మాట, సబ్బు పోసిన అచ్చు మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. సెంటు వాసన సిలికాన్‌ని వదలదు. పిల్లలకి కేకు చేద్దామని ఎవరూ తీసుకెళ్ళకుండా మార్కర్‌తో "సబ్బు" అని రాసేయండి.

కొన్న రోజే కొలత తీసుకోండి. ఖాళీ అచ్చు కాటా మీద పెట్టి, సున్నా చేసి, నిండా నీళ్ళు పోయండి. నీళ్ళు 1000 గ్రాములు తూగితే బేస్ సుమారు కిలో పడుతుంది. కాస్టిక్ రకమైతే నూనెలన్నీ కలిపి 700 గ్రాములు చాలు, మిగతా చోటు కాస్టిక్ నీళ్ళు నింపుతాయి. కాస్టిక్ ఎంత వేయాలన్నది మాత్రం ఏ నూనె ఎంత పోశారో దాన్ని బట్టే లెక్క. ఆరేటప్పుడు నీరు పోయి సబ్బు తేలికవుతుంది. కాబట్టి లేబుల్ మీద బరువు ఆరాక తూచి రాయాలి.

మన విశాఖ గాలి సంగతి మీకు చెప్పాలా? పొద్దున్న వేయించిన అప్పడం సాయంత్రానికి మెత్తబడిపోతాది. బేస్ సబ్బులో గ్లిజరిన్ ఈ తేమని లాగి చెమట పట్టినట్టు చుక్కలు కడుతుంది. క్రీము మడతలున్న సబ్బు మీద ఆ చుక్కలు మడతల్లో నిలబడిపోతాయి. అచ్చులోంచి తీసిన వెంటనే పలచటి కవరు బిగుతుగా చుట్టాలి. చదునుగా ఉన్న పేస్ట్రీ ముక్కకి చుట్టడం తేలిక. కప్పు కేకుకి చుట్టి చూడండి, మీకే తెలుస్తాది. మా అత్తగారైతే "ఒంటికి రుద్దుకునేదానికి చెర్రీ పండెందుకే, గుచ్చుకోడానికా?" అన్నారు. నిజమే, మొదటి స్నానానికే ఆ సోకంతా పోతుంది.

ఇప్పుడు చెప్పేది కొంచెం మనసు పెట్టి వినండి. మొన్న మేము స్టాలు పెట్టినప్పుడు మూడేళ్ళ బాబు ఒకడు చాక్లెట్ పేస్ట్రీ సబ్బు తీసి నోట్లో పెట్టబోయాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. వాడి తప్పేముంది? రంగు అదే, వాసన అదే. తినే వస్తువులా కనబడి పిల్లలకి ప్రమాదం తెచ్చే సరుకు అమ్మకూడదని యూరప్ దేశాలు 1987లోనే చట్టం చేసుకున్నాయి. మనం కూడా నోట్లో పట్టేంత చిన్న అచ్చులు, చాక్లెట్ బిళ్ళ అచ్చులు, చెర్రీ అచ్చులు కొనొద్దని నా అభిప్రాయం. కేకు ఆకారం ఉంటే ఉండనీండి, చాక్లెట్, వెనీలా సెంట్లు మానేసి వేప, నిమ్మగడ్డి, మల్లె వాడదాం. ముక్క మీద "సబ్బు" అని ముద్ర పడాలి. కేకు డబ్బాలో పెట్టి అమ్మొద్దు. గిరాకీ కొంత తగ్గొచ్చు, తగ్గనీండి.

లైసెన్సు సంగతి కూడా మర్చిపోవద్దు. ఒంటి సబ్బు అమ్మకానికి చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు ఉండాలి. ఒక్కో సంఘం విడివిడిగా తిరిగే బదులు సమాఖ్య పేరు మీద ఒక చోట తయారీ పెట్టుకుంటే మేలని నా మనవి. అప్పుడు అచ్చులు కూడా ఉమ్మడిగా కొనొచ్చు. ఒకరి పొడుగు అచ్చు, ఒకరి గుండ్రని అచ్చు ఖాళీగా పడుండవు.

నాలుగు రకాల అచ్చులు వెనక బల్ల మీద పెట్టాం. భోజనాలకి లేచినప్పుడు మెలితిప్పి, నీళ్ళు పోసి చూడండి, కాటా అక్కడే ఉంది. అచ్చుల లోను కావాలన్నవాళ్ళు ఏ రకం సబ్బు, నెలకి ఎన్ని, ఎవరికి అమ్ముతారు, ఈ మూడూ కాగితం మీద రాసి వచ్చే నెల మీటింగుకి తీసుకురండి.